318 మలుపుల పాఠం

యంత్రయుగం మానవునికి అలవాటు చేసిన కోరికలలో వేగం బలమైనది. ఒకప్పుడు కళాశాల ఆవరణలలో సైకిళ్ళు వరుసదీరి ఉండే చోట నేడు మోటారుసైకిళ్ళు నిలబడి ఉన్నవి. విద్యార్థి మిత్రులలో అనేకులకు మోటారుసైకిలు కేవలం ప్రయాణ సాధనం కాదు. అది స్వేచ్ఛకు చిహ్నం, యౌవనానికి అలంకారం. ఆ ఆకర్షణను నిందించడం ఈ వ్యాసపు ఉద్దేశం కాదు. మోటారుసైకిలు ప్రియులలో ప్రపంచ ప్రసిద్ధి చెందిన ఒక కొండదారిని ఉదాహరణగా తీసుకొని, అక్కడ మలుపు తిరిగే బండి ఏ సూత్రాలకు లోబడి నడుస్తుందో, ఆ సూత్రాలను విస్మరించినపుడు ఏమి సంభవిస్తుందో పరిశీలించడమే మన ప్రయత్నం. భౌతికశాస్త్ర తరగతిలో పరీక్ష కోసం చదివే వృత్తాకార చలనం, ఘర్షణ అనే అధ్యాయాలు ఆ దారిలో ప్రాణాలతో ముడిపడిన ప్రశ్నలుగా మారుతాయి.

మార్గ పరిచయం

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ భాగంలో గ్రేట్ స్మోకీ పర్వతాలు ఉన్నవి. ఆ పర్వతాల అంచున, ఉత్తర కరొలైనా, టెన్నెసీ రాష్ట్రాల సరిహద్దులో డీల్స్ గ్యాప్ అనే కనుమ ఉన్నది. అది సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఈ కనుమ నుండి టెన్నెసీ వైపు సాగే 129వ నంబరు రహదారిలో 11 మైళ్ళ భాగానికి ‘టెయిల్ ఆఫ్ ది డ్రాగన్’ అని పేరు. డ్రాగన్ అనగా పాశ్చాత్య గాథలలో కనిపించే నిప్పులు కక్కే మహాసర్పం. ఆ సర్పపు తోక ఎన్ని మెలికలు తిరుగుతుందో ఈ దారి కూడా అన్ని మెలికలు తిరుగుతుందని ఆ పేరులోని భావం.

ఈ 11 మైళ్ళలో, అనగా సుమారు 17.7 కిలోమీటర్లలో, 318 మలుపులు ఉన్నట్లు ప్రసిద్ధి. భాగహారం చేసి చూస్తే సగటున ప్రతి 56 మీటర్లకు ఒక మలుపు. మనం ‘మలుపు’ అనీ, ఉర్దూ విభాగపు మిత్రులు ‘మోడ్’ అనీ పిలిచే ఈ వంకరలకు అక్కడివారు ముద్దుపేర్లు కూడా పెట్టుకున్నారు. ఒకటి ‘ది విప్’, అనగా కొరడా. మరొకటి ‘గ్రావిటీ కావిటీ’, అనగా గురుత్వాకర్షణ గుంట. ఇంకొకటి ‘బ్రేక్ ఆర్ బస్ట్ బెండ్’. బ్రేకు వేయకపోతే బండి ముక్కలే అని దాని హెచ్చరిక.

దారికి ఒక ప్రక్క 1934లో ఏర్పడిన గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయ ఉద్యానవనం, మరొక ప్రక్క చెరోకీ జాతీయ అరణ్యం ఉన్నవి. అందువలన ఈ 11 మైళ్ళలో ఇళ్ళ వాకిళ్ళు గాని, అడ్డరోడ్లు గాని లేవు. దారిలో ఒకచోట ఆగి చూస్తే క్రింద లిటిల్ టెన్నెసీ నదిపై 1930లో పూర్తి అయిన కాల్డర్‌వుడ్ ఆనకట్ట కనిపిస్తుంది. అడ్డరోడ్లు లేకపోవడం, మలుపు వెంట మలుపు రావడం, చుట్టూ పచ్చని అడవి ఉండడం అనే మూడు కారణాల వలన ఇది మోటారుసైకిలు ప్రియులకు తీర్థస్థానం వంటిదయినది.

అయితే డీల్స్ గ్యాప్ వద్ద మరొక దృశ్యం కూడా ఉన్నది. అక్కడ ఒక చెట్టుకు విరిగిన అద్దాలు, పగిలిన తొడుగులు, వంగిన లోహపు ముక్కలు వ్రేలాడుతుంటాయి. ఆ దారిలో పడిపోయిన మోటారుసైకిళ్ళ శకలాలు అవి. దానిని ‘ట్రీ ఆఫ్ షేమ్’, అనగా సిగ్గు చెట్టు, అంటారు. దారి అందాన్ని చూడవచ్చినవారు ఆ చెట్టును కూడా శ్రద్ధగా చూడవలసి ఉన్నది.

స్పోర్ట్ మోటారుసైకిలు నిర్మాణం

ఈ దారికి వచ్చే బండ్లలో స్పోర్ట్ మోటారుసైకిళ్ళు అధికం. పందెపు బండిని నమూనాగా తీసుకొని నిర్మించిన వాహనం ఇది. హ్యాండిల్ క్రిందికి ఉంటుంది. నడిపేవాడు ముందుకు వంగి కూర్చుంటాడు. బండి ప్రక్కకు వాలినపుడు నేలకు రాచుకోకుండా పాదాలు పెట్టుకునే కడ్డీలను ఎత్తుగా, వెనుకకు జరిపి అమర్చుతారు. టైర్లు వెడల్పుగా, నేలను గట్టిగా పట్టుకునే మెత్తని రబ్బరుతో ఉంటాయి. గాలిని చీల్చుకొని పోవడానికి ముందు భాగాన్ని నున్నని తొడుగుతో కప్పుతారు.

ఇటువంటి పెద్ద బండ్లలో అనేకం మొదటి గేరులోనే గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని దాటగలవు. డ్రాగన్ దారిలో చట్టం అనుమతించే వేగం గంటకు 30 మైళ్ళు, అనగా సుమారు 48 కిలోమీటర్లు మాత్రమే. బండి మొదటి గేరు శక్తిలో సగం కూడా ఆ దారికి అవసరం లేదు. బండి చేయగలిగిన దానికీ, దారి భరించగలిగిన దానికీ నడుమ ఉన్న ఈ దూరంలోనే అపాయం పొంచి ఉన్నది.

బండి ఎందుకు వాలుతుంది?

కదిలే వస్తువు తనంతట తాను సరళరేఖలోనే పోతుందని న్యూటన్ మొదటి నియమం. అది వృత్తంలో తిరగాలంటే కేంద్రం వైపు లాగే ఒక బలం కావాలి. దానినే అభికేంద్ర బలం అంటాము. బండికి ఈ బలాన్ని ఇచ్చేది టైరుకూ రోడ్డుకూ మధ్యనున్న ఘర్షణ మాత్రమే. ఒక్కొక్క టైరు నేలను తాకే స్థలం మన అరచేతికి మించదు. రెండు అరచేతులంత రబ్బరు మీద బండి, మనిషి, అతని కోసం ఇంటివద్ద ఎదురుచూసేవారి ఆశలు ఆధారపడి ఉంటాయి.

టైరు వద్ద ఈ బలం లోపలికి పనిచేస్తున్నప్పుడు బండి నిటారుగా ఉంటే వెలుపలికి పడిపోతుంది. అందువలన బండిని లోపలికి వాల్చి, బరువుతో ఆ బలాన్ని సరితూచాలి. ఎంత వాలాలో ఒక చిన్న సూత్రం చెబుతుంది: వేగపు వర్గాన్ని, మలుపు వ్యాసార్ధం, గురుత్వ త్వరణం అనే రెండింటి లబ్ధంతో భాగిస్తే వాలు కోణపు ‘టాన్’ విలువ వస్తుంది. 

ఉదాహరణకు మలుపు వ్యాసార్ధం 30 మీటర్లు, గురుత్వ త్వరణం 9.8 అనుకుందాం. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతే బండి 19 డిగ్రీలు వాలితే చాలు. 48 కిలోమీటర్లకు 31 డిగ్రీలు, 54 కిలోమీటర్లకు 37 డిగ్రీలు వాలాలి. 72 కిలోమీటర్లకు 54 డిగ్రీలు వాలవలసి వస్తుంది. వేగం 36 నుండి 72కు రెండింతలయినది. కావలసిన అభికేంద్ర బలం మాత్రం నాలుగింతలయినది. వేగమాపకంలోని ముల్లు రెండింతలనే చూపుతుంది. నాలుగింతలను చూపే ముల్లు ఏ బండిలోనూ లేదు. దానిని నడిపేవాడే తన బుద్ధిలో ఉంచుకోవాలి.

మరొక విషయం. అదే ‘టాన్’ విలువ ఆ మలుపుకు కావలసిన కనీస ఘర్షణ గుణకం కూడా అగును. 72 కిలోమీటర్ల వేగానికి ఆ విలువ 1.36. మంచి టైరు, పొడి రోడ్డు కలిసినా సాధారణంగా లభించేది సుమారు 1 మాత్రమే. కనుక ఆ మలుపులో ఆ వేగం సాహసవంతునికి సాధ్యమై, పిరికివానికి అసాధ్యమైనది కాదు. అక్కడ అది ఎవరికీ సాధ్యం కాదు. వాన కురిసి ఘర్షణ గుణకం 0.6కు దిగినదనుకుంటే, 48 కిలోమీటర్లకు కావలసిన 0.605 కూడా లభించదు. రోడ్డు ప్రక్కన వ్రాసిన వేగపరిమితి అభయపత్రం కాదని దీనిని బట్టి తెలుస్తుంది.

బండిని వాల్చే విధానం కూడా విచిత్రమైనదే. వేగంగా పోయే బండిని కుడివైపు త్రిప్పాలంటే హ్యాండిల్ కుడి కొనను ముందుకు నెట్టాలి. అనగా చక్రం ఒక్క క్షణం ఎడమకు తిరుగుతుంది. టైర్లు శరీరపు బరువు క్రింది నుండి ఎడమకు జరుగుతాయి. బండి కుడికి వాలుతుంది. ఆపైన కుడికి మలుపు తిరుగుతుంది. సైకిలు నడిపే ప్రతివారూ తెలియకుండానే ఈ పని చేస్తారు. 1903లో తొలి విమానాన్ని ఎగురవేసిన రైట్ సోదరులు అంతకు ముందు సైకిళ్ళ వ్యాపారులు. సైకిలు నడిపేవారు తాము చేసే ఈ పనిని తామే గుర్తించరని విల్బర్ రైట్ గమనించాడు. తెలియక చేసే పని భయం కలిగిన వేళ మరచిపోవడం సహజం. మలుపు మధ్యలో బెదిరినవాడు హ్యాండిల్‌ను బిగపట్టి, బండిని నిటారుగా నిలిపి, తిన్నగా రోడ్డు వెలుపలికి పోవడానికి ముఖ్యకారణం ఇదే.

టైరు అనే ఖజానా

టైరు పట్టును ఒక ఖజానాతో పోల్చవచ్చు. మలుపు తిరగడానికీ, బ్రేకు వేయడానికీ, వేగం పెంచడానికీ అన్నింటికీ అందులోని ధనమే ఖర్చు కావాలి. తిరిగే బలం ప్రక్కకు, బ్రేకు బలం వెనుకకు పనిచేస్తాయి కనుక ఈ రెండు సదిశల మొత్తాన్ని పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం లెక్కించాలి. పట్టులో 80 శాతం మలుపుకు వినియోగిస్తే బ్రేకుకు 60 శాతం మిగులుతుంది. మలుపుకు 96 శాతం వినియోగిస్తే బ్రేకుకు మిగిలేది 28 శాతమే. పూర్తిగా నూరు శాతం వినియోగించినవానికి మిగిలేది శూన్యం. ఆ క్షణంలో మలుపు వెనుక ఒక జింక నిలబడినా, గుప్పెడు కంకర పడి ఉన్నా, అతడు చేయగలిగినది ఏమీ ఉండదు.

కాబట్టి అనుభవజ్ఞులు చెప్పే నియమం ఒకటే: వేగం తగ్గించే పని మలుపుకు ముందు, బండి నిటారుగా ఉన్నపుడే పూర్తి కావాలి. గేరు కూడా అప్పుడే మార్చుకోవాలి. మలుపులో ప్రవేశించిన తరువాత యాక్సిలరేటర్‌ను నిలకడగా పట్టుకొని, చూపును మలుపు ముగిసే వైపు నిలపాలి. చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది. గోతిని చూచినవాడు గోతిలోకే పోవడం మోటారుసైకిలు విషయంలో తరచు జరిగేదే. డ్రాగన్ దారిలో సగటున 48 కిలోమీటర్ల వేగంతో పోయేవానికి దాదాపు ప్రతి నాలుగు సెకన్లకు ఒక మలుపు ఎదురవుతుంది. ఒక మలుపులో జరిగిన పొరపాటును సరిదిద్దుకొనే లోపలే రెండవ మలుపు వస్తుంది.

కనిపించనిది మనది కాదు

టైరు పట్టు ఎంత ఉన్నా చూపు అందనిచోట అది ఉపయోగపడదు. పైన చెప్పిన 30 మీటర్ల మలుపులో, బండి నడిచే రేఖకు 3 మీటర్ల లోపలగా ఒక కొండరాయి అడ్డుగా ఉన్నదనుకుందాం. జ్యామితి ప్రకారం ఎదుట కనిపించే దూరం సుమారు 26 మీటర్లు. ఇక ఆగడానికి పట్టే దూరం చూద్దాం. ప్రమాదాన్ని గ్రహించి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడుతుందనీ, బ్రేకు వేగాన్ని సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గిస్తుందనీ అనుకుంటే, 36 కిలోమీటర్ల వేగంలో బండి 17 మీటర్లలో ఆగుతుంది. 48 కిలోమీటర్లలో 26 మీటర్లు, 54లో 31 మీటర్లు, 72లో 49 మీటర్లు పడుతుంది. వాలి ఉన్న బండికి బ్రేకు అంత గట్టిగా పనిచేయదు కనుక ఇది కూడా ఉదారమైన లెక్కయే.

కనిపించే దూరం 26 మీటర్లు ఉండగా 72 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు మిగిలిన 23 మీటర్లను నమ్మకం మీద దాటుతున్నాడు. అక్కడ ఎవరూ లేరన్న నమ్మకం తప్ప అతనికి మరొక ఆధారం లేదు. కంటికి కనిపించేంత దూరంలో ఆగగలిగే వేగమే తగిన వేగం అనే సూత్రాన్ని పెద్దలు అందుకే చెప్పారు.

పసుపు గీత

డ్రాగన్ దారిలో ఎదురెదురు వాహనాలను వేరుచేసేది రోడ్డు మధ్య పసుపు గీత మాత్రమే. పొడవైన లారీలు మలుపు తిరిగినపుడు వాటి వెనుక భాగం ఆ గీతను దాటి అవతలి వరుసను ఆక్రమిస్తుంది. అందుచేత 30 అడుగులకు మించిన వాహనాలను టెన్నెసీ రాష్ట్రం 2015లో ఈ దారిలో నిషేధించినది. 

లారీయే కాదు, మోటారుసైకిలు కూడా గీతను దాటగలదు. నడిపేవాని తల నేలకు సుమారు 1.4 మీటర్ల ఎత్తున ఉంటుంది. బండి 40 డిగ్రీలు వాలినపుడు ఆ తల, టైరు ఉన్నచోటికి దాదాపు 90 సెంటీమీటర్ల ప్రక్కగా ఉంటుంది. టైరు తన వరుసలోనే ఉన్నా, తల అవతలి వరుసలో ఉండవచ్చు! ఎడమ ప్రక్కన నడిచే మన దేశంలో ఈ అపాయం కుడి మలుపులలో కలుగుతుంది. ఎడమ మలుపులలో అతివేగం బండినే మధ్యగీత దాటించి ఎదుటి వాహనం ముందుకు నెడుతుంది. కనుక కుడి మలుపులో టైరు గీతకు కనీసం ఒక మీటరు ఎడంగా ఉండాలనీ, ఎడమ మలుపులో వేగం ముందుగానే తగ్గాలనీ గుర్తుంచుకోవాలి.

నేర్పు ఉంటే చాలదా?

నేర్పరికి ఈ నియమాలు ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. సమాధానం కోసం ఐర్లండ్, ఇంగ్లండు దేశాల మధ్య సముద్రంలో ఉన్న మాన్ దీవికి పోవాలి. అక్కడ 1907 నుండి టీటీ అనే మోటారుసైకిలు పందెం జరుగుతున్నది. కొండను చుట్టివచ్చే దాని మార్గం దాదాపు 60 కిలోమీటర్లు. పందెం వేళ ఆ రోడ్లను చట్టప్రకారం మూసివేస్తారు, ఎదురు వాహనం ఉండదు, పోటీదారులందరూ నిపుణులే. అయినను ఆ మార్గంలో ఇంతవరకు 250కి పైగా పోటీదారులు మరణించారు. 

ఆ పందెంలో 26 విజయాలు సాధించిన జోయీ డన్‌లప్ అనే ఉత్తర ఐర్లండు వీరుడు, 2000 సంవత్సరం జూలైలో ఎస్తోనియా దేశంలోని టాలిన్‌లో, తడి రోడ్డుపై పందెంలో అదుపు తప్పి చెట్లను ఢీకొని మరణించాడు. అతనికి లేని నేర్పు ఏదీ లేదు. ఖజానాలో మిగులు లేనపుడు నేర్పు దేనిని ఖర్చు చేయగలదు?

మూసిన రోడ్డు మీద పందెం పెట్టుకున్నవాడు తన ప్రాణాన్ని తాను పణంగా పెడుతున్నాడు. తెరచి ఉన్న రోడ్డు మీద పందెం పెట్టుకున్నవాడు ఇతరుల ప్రాణాన్ని వారి అనుమతి లేకుండా పణంగా పెడుతున్నాడు. ఈ భేదాన్ని విద్యావంతులు గుర్తించాలి. ఇంత చేసి పొందే లాభం ఎంత? డ్రాగన్ దారిని సగటున 48 కిలోమీటర్ల వేగంతో దాటడానికి 22 నిమిషాలు పడుతుంది. 72 కిలోమీటర్లతో దాటగలిగినా దాదాపు 15 నిమిషాలు. మిగిలేది ఏడు నిమిషాలు.

మన దారులు

మన రాష్ట్రాలలో కూడా కొండదారులకు కొరత లేదు. శ్రీశైలం, మారేడుమిల్లి, అరకు ఘాట్ రోడ్లు యువకులను ఆకర్షిస్తున్నవి. తిరుమల కొండకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు ఏర్పడినది. 1974లో రెండవది వచ్చిన తరువాత ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటిగా వినియోగిస్తున్నారు. ఎదురు వాహనం అనే అపాయాన్ని మార్గ నిర్మాణంతోనే తొలగించిన మంచి ఉదాహరణ ఇది. మిగిలిన ఘాట్ రోడ్లలో ఆ సదుపాయం లేదు. అక్కడ ఆ పనిని మన వివేకమే చేయాలి. కొండ దిగేటపుడు బండిని న్యూట్రల్‌లో వదలక, తక్కువ గేరులో ఇంజను పట్టుతో దిగాలి. మలుపు వద్ద హారన్ మోగించాలి. ఇసుక, ఎండుటాకులు, పశువులు ఎదురుకావచ్చునని ముందే ఊహించుకోవాలి.

డ్రాగన్ దారి నంబరు 129 అని చెప్పుకున్నాము. యాదృచ్ఛికమే అయినా, మన మోటారు వాహనాల చట్టం, 1988లో హెల్మెట్‌ను విధిగా ధరించాలని చెప్పే సెక్షను కూడా 129వదే. బ్రేకు వేసినపుడు చక్రం బిగుసుకొని జారకుండా చేసే ఏబీఎస్ అనే సాధనాన్ని 125 సీసీకి మించిన కొత్త నమూనా బండ్లకు 2018 ఏప్రిల్ నుండి, పాత నమూనాలకు 2019 ఏప్రిల్ నుండి మన ప్రభుత్వం తప్పనిసరి చేసినది. అయినప్పటికీ 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై పోయినవారే. వారిలో మన వయసువారు, మనవంటి కళాశాలలలో చదివినవారు ఎందరో ఉన్నారు.

ముగింపు

మలుపులో జరగబోయేది మలుపుకు ముందే నిర్ణయమవుతుంది. ఏ వేగంతో ప్రవేశించాలి, ఎంత పట్టును మిగుల్చుకోవాలి, కనిపించని దానిని ఎంత గౌరవించాలి అనే మూడు నిర్ణయాలను బండి నిటారుగా ఉన్నపుడే తీసుకోవాలి. ఉర్దూలో ‘సబ్ర్’ అనీ, తెలుగులో ‘ఓర్పు’ అనీ చెప్పుకునే గుణానికి యంత్రశాస్త్రంలో అర్థం ఇదే.

కళాశాల కమిటీ పెద్దలకు రెండు విన్నపాలు. మొదటిది: హెల్మెట్ లేని వాహనానికి కళాశాల ఆవరణలో స్థలం ఇవ్వరాదు. రెండవది: సంవత్సరానికి ఒక్క ఆదివారమైనా మన ఆటస్థలంలో అర్హుడైన శిక్షకుని సమక్షంలో, తక్కువ వేగంలో, హఠాత్తుగా బ్రేకు వేయడం, చూపు నిలిపి మలుపు తిరగడం అనే రెండు విద్యలను విద్యార్థులకు నేర్పించాలి. అందుకు కావలసినవి ఖాళీ స్థలం, సున్నపు గీతలు, ఒక ఉదయం. 

విద్యార్థి మిత్రులారా! ఈ వ్యాసంలోని లెక్కలను మీ నోటు పుస్తకంలో ఒకసారి చేసి చూడండి. వ్యాసార్ధం 30కి బదులు 20 మీటర్లు తీసుకొని, గంటకు 54 కిలోమీటర్ల వేగంలో బండి ఎంత వాలాలో కనుక్కోండి. దాదాపు 49 డిగ్రీలు వస్తుంది. కావలసిన ఘర్షణ గుణకం 1ని దాటుతుంది. కాగితం మీద ఆ సంఖ్యను ఒకసారి చూచినవారు రోడ్డు మీద దానిని పరీక్షించబోరని ఆశిస్తున్నాను.